కాడిలాక్ అలాంటే: 1990దా, 1993దా?

కాడిలాక్ వారి పాత ఓపెన్‌టాప్ కారు అలాంటే కొనాలంటే 1990దా, 1993దా అని అడిగారు. భవిష్యత్తు క్లాసిక్ అంటే నా ఓటు 1993కే: 4.6 లీటర్ల నార్త్‌స్టార్ ఇంజిన్, 295 హార్స్‌పవర్. 1990ది 4.5 లీటర్లు, 200 మాత్రమే.

నార్త్‌స్టార్‌తో చిక్కల్లా హెడ్ గాస్కెట్‌తోనే, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలుతోనే. అల్యూమినియం బ్లాక్‌లో హెడ్ బోల్టుల మరలు ఊడొస్తాయి, పట్టు వదిలి మంట గ్యాస్ కూలెంట్‌లోకి దూరుతుంది. అందుకే చల్లటి ఇంజిన్‌నే చూడండి. ముందే వేడిచేసి ఉంచితే అనుమానించండి. చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ ట్యాంక్ మూత తీసి, స్టార్ట్ చేసి, వేడెక్కాక ట్యాంక్ మూతి మీద బ్లాక్ టెస్టర్ (కూలెంట్‌లో మంట గ్యాస్ ఉందేమో రంగు ద్రవంతో చూపే పరికరం) పెట్టించండి. నీలి ద్రవం పసుపుకి తిరిగితే ఇంక బేరం అనవసరం.

'గాస్కెట్ మార్చేశాం' అంటే సరిపోదు. హెడ్ బోల్టు రంధ్రాలన్నిటికీ స్టీల్ ఇన్సర్ట్‌లు (కొత్త మరలున్న ఉక్కు తొడుగులు) వేసిన బిల్లు అడగండి. గుడ్డ టాప్ చేత్తో మడిచేదే.