గుండె లయ వైద్యంలో మిషెల్ ఐసగేర్ పేరు ఎందుకు అంతగా వినిపిస్తుంది?

ఈయన ఫ్రాన్స్‌లోని బోర్డో యూనివర్సిటీ ఆసుపత్రిలో కార్డియాలజీ ప్రొఫెసర్‌గా పనిచేసిన వైద్యుడు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఎక్కడి నుంచి మొదలవుతుందో చూపించినవాడు.

ఈ జబ్బులో గుండె పై గదులు లయ తప్పి అదురుతాయి. ఆ గదుల్లోనే తప్పుడు సంకేతాలు గిరగిరా తిరుగుతున్నాయని అప్పట్లో ఎక్కువమంది నమ్మేవారు. సర్జన్లు గదుల గోడల మీద కోతలు పెట్టి ఆ దారులు మూసేవారు. ఐసగేర్ బృందం అదే పనిని కథీటర్‌తో, అంటే రక్తనాళం గుండా గుండెలోకి పంపే సన్నని గొట్టంతో, చేయబోయింది. ఆ క్రమంలోనే జబ్బును రాజేసే తొలి అదనపు స్పందన ఎక్కడ పుడుతోందో వెతికింది. 1998లో వాళ్లు ప్రచురించిన పరిశోధనలో 45 మంది రోగుల్లో అలాంటి చోట్లు 69 దొరికాయి. వాటిలో 65 ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరల లోపలే ఉన్నాయి! ఆ చోట్లను వేడితో కాల్చేస్తే 28 మందికి, తర్వాత గమనించిన కొన్ని నెలల్లో, జబ్బు తిరగబెట్టలేదు. నేడు ఈ జబ్బుకు చేసే అబ్లేషన్‌లో (కథీటర్‌తో గుండెలోని కణజాలాన్ని నిర్వీర్యం చేసే చికిత్స) ఆ సిరలను విద్యుత్‌పరంగా వేరుచేయడమే అసలు పని.

2008లో ఇంకో సంగతి. ఈసీజీ గీతలో 'ఎర్లీ రీపోలరైజేషన్' అనే ఒక రకం మార్పు కనిపిస్తే మామూలేనని వదిలేసేవారు. కారణం తెలియకుండా గుండె ఆగి బతికినవాళ్లలో అది 31 శాతం మందికి, ఆరోగ్యవంతుల్లో 5 శాతం మందికే ఉందని ఈయన బృందం తేల్చింది. మీ రిపోర్టులో ఆ మాట ఉంటే మాత్రం టెన్షన్ పడకండి, చాలామందికి దానివల్ల ఏ హానీ ఉండదు.