సినిమా రావడానికి నెలల ముందే పాటని సోషల్ మీడియాలో ఎందుకు వదులుతారు?

జనం నోళ్లలో నానబెట్టడానికి. 'అల వైకుంఠపురములో' 2020 సంక్రాంతికి వచ్చింది. 'సామజవరగమన' లిరికల్ వీడియో మాత్రం 2019 సెప్టెంబరులోనే యూట్యూబ్‌లో పెట్టేశారు. సినిమా వచ్చేసరికి పాట చాలామందికి కంఠతా వచ్చేసింది.

అసలు కిటుకు హుక్ స్టెప్పులో, అంటే పాట అనగానే గుర్తొచ్చే ఆ ఒక్క డ్యాన్స్ స్టెప్పులో ఉంది. పది సెకన్ల ముక్క, హాల్లో సోఫా పక్కన నిలబడి ఎవరైనా వేసేయగలగాలి. 2020 లాక్‌డౌన్‌లో అప్పటి సన్‌రైజర్స్ హైదరాబాద్ ఆటగాడు డేవిడ్ వార్నర్ భార్యతో కలిసి అదే సినిమాలోని 'బుట్టబొమ్మ' పాటకి టిక్‌టాక్‌లో చిందేశాడు. అప్పటికి థియేటర్లు మూతపడ్డాయి కాబట్టి టికెట్లు తెగే మాట లేదు గానీ, తెలుగు రానివాళ్లకీ పాట చేరింది. డబ్బిచ్చి చేయించే రీల్స్‌కి ఆ ఊపు రాదు, చూడగానే తెలిసిపోతుంది. ఇక టాక్ బాగోలేదా, మార్నింగ్ షో అవగానే అవే ఫోన్లు సినిమాని ఉతికి ఆరేస్తాయి.