చిప్ పుట్టకముందే దాని వేగం చెప్పే ఉద్యోగం

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రాసెసర్ల పనితీరును ముందుగా అంచనా వేసే మోడలింగ్ రంగం నచ్చింది. కానీ నాకు సర్క్యూట్ డిజైన్ రాదు. ఇందులో చోటు దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుంది. సర్క్యూట్లు గీసేవారు వేరే ఉంటారు. చిప్ ఇంకా కాగితం మీద ఉండగానే, కాష్‌ను (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీని) రెట్టింపు చేస్తే లాభమెంత అని వారు అడుగుతారు. ఆ లెక్క తేల్చడం మీ పని. సీ ప్లస్ ప్లస్, పైథాన్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, గణాంకశాస్త్రం కావాలి. చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుని అక్కడే దెబ్బతింటారు.

ఆ లెక్కకు వాడేది సిమ్యులేటర్, అంటే చిప్‌ను అనుకరించే ప్రోగ్రామ్. వివరమైన సిమ్యులేటర్ అసలు యంత్రం కంటే వేల రెట్లు నిదానం. పది వేల రెట్లనుకుంటే, పది నిమిషాల ప్రోగ్రామ్‌కు రెండు నెలలు దాటుతుంది. కాబట్టి ప్రోగ్రామ్‌లో కొన్ని ముక్కలే ఎంచుకోక తప్పదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది గానీ, ప్రోగ్రామ్ అలా కాదు, దశదశకూ నడక మారుతుంది. 2002 నాటి సిమ్‌పాయింట్ పద్ధతి ప్రోగ్రామ్‌ను ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఏ కోడ్ ఎన్నిసార్లు నడిచిందో చూసి, ఒకేలా ఉన్నవాటిని గుంపు కట్టి, గుంపుకొక ప్రతినిధిని తీసుకుంటుంది. ఇదంతా గణాంకశాస్త్రమే.

ఎంపిక తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ప్రాసెసర్ వేగాన్ని కొలిచే 1984 నాటి డ్రైస్టోన్ పరీక్ష చాలు. ఆ చిట్టి పరీక్షలో కొంత పనిని కంపైలర్లు (కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాములు) తెలివిగా ఎగ్గొట్టగలిగేవి. స్కోరు పెరిగేది, అసలు ప్రోగ్రాములు ఉన్నచోటే ఉండేవి. ఇలాంటి పరీక్షలు తయారుచేయడానికి 1988లో ఏర్పడిన స్పెక్ సంస్థ అందుకే నిజమైన ప్రోగ్రాములవైపు మళ్లింది. దాని సీపీయూ 2017 సంపుటిలో 43 పరీక్షలున్నాయి.

జెమ్5 సిమ్యులేటర్ ఉచితమే అయినా, దానితో మొదలుపెట్టవద్దని నా సలహా. ముందు మాట్రిక్స్ గుణకారాన్ని రెండు రకాల లూప్ వరుసలతో రాయండి. కాష్ మిస్‌లు (కావలసిన డేటా కాష్‌లో దొరకని సందర్భాలు) ఎన్ని వస్తాయో కాగితం మీద ఊహించి, తర్వాత లినక్స్‌లోని పెర్ఫ్ అనే కొలత పరికరంతో కొలవండి. మీ ఊహ తప్పుతుంది, దాదాపు ఖాయం. ఎందుకు తప్పిందో తెలుసుకునేదాకా నిద్ర పట్టకపోతే ఈ రంగం మీదే. విసుగొస్తే మొహమాటపడకుండా వేరే దారి చూసుకోండి.

ఆర్కిటెక్చర్ బృందాల్లో చాలా ఉద్యోగాలకు పీజీ లేదా పీహెచ్‌డీ అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండండి. దరఖాస్తులో మాత్రం వాడిన పరికరాల జాబితా కంటే, మీ అంచనాకూ కొలతకూ తేడా ఎందుకొచ్చిందో వివరించే ఒక్క పేజీని పైన పెట్టండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడినుంచే వస్తాయి.