ఓడ దారి మళ్లితే బీమా రాదా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు యూనిట్. చెన్నై పోర్టు నుంచి రోటర్‌డామ్‌కు పంపిన తోతాపురి గుజ్జు, ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఆఫ్రికా చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరింది. దారిలో కంటైనర్‌ని వేరే ఓడకు మార్చారట. కొన్ని డబ్బాలు సొట్టలు పడి కారిపోయాయి. కొన్నవాళ్లు ధర తగ్గించారు. ఆలస్యం పేరు చెప్పి బీమా కంపెనీ క్లెయిమ్ మొత్తం తిరస్కరించింది. లాక్‌డౌన్ నష్టానికీ అప్పట్లో ఇలాగే పైసా ఇవ్వలేదు. కరోనాతో పోయిన మా సూపర్‌వైజర్ ఇంటికి మాత్రం జీవిత బీమా వచ్చింది. ఎందుకీ తేడా?

జవాబు: జీవిత బీమాలో మరణమే ముఖ్యం, అది కరోనాతో వచ్చినా సరే. ఫైర్ పాలసీకి జతగా తీసుకునే వ్యాపార నష్టం పాలసీలో అలా కాదు, మామూలుగా ముందు ఆస్తికి దెబ్బ తగలాలి. తాళం పడిన మీ ఫ్యాక్టరీకి ఏ దెబ్బా తగల్లేదు. అది వదిలేయండి, గడువూ దాటిపోయింది.

ఇక ఓడ సంగతి. 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 55 ప్రకారం, పాలసీలో వేరుగా రాసుకుంటే తప్ప, ఆలస్యం వల్ల కలిగిన నష్టం కంపెనీ ఇవ్వక్కర్లేదు. ఆ ఆలస్యం బీమా ఉన్న ప్రమాదం వల్లే వచ్చినా అంతే. కాబట్టి ధర పడిపోవడం, అదనపు ఫ్రైట్ (ఓడ కిరాయి) మీ నెత్తినే. వార్ కవర్ (యుద్ధ దాడుల నష్టానికి బీమా) తీసుకున్నా ఇవి రావు. క్షిపణి సరుకుకి తగిలితే అది డబ్బిస్తుంది, తగులుతుందేమోనని ఓడ చుట్టు తిరిగితే ఇవ్వదు.

సొట్టలు పడిన డబ్బాల సంగతి వేరు. మీ పాలసీలో ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ ‘ఎ’ (సరుకుకు విస్తృత రక్షణనిచ్చే షరతులు) ఉందేమో చూడండి. ఉంటే, మీ చేతిలో లేని కారణంతో దారి మళ్లినా, ఓడ మారినా కవర్ ఆగదు. దింపుడు ఎక్కింపుల్లో దెబ్బతిన్న సరుకును ఆలస్యం ఖాతాలో వేయడం నా దృష్టిలో చెల్లదు. రోటర్‌డామ్‌లో దెబ్బతిన్న సరుకును పరిశీలించి ఇచ్చిన సర్వే రిపోర్టు తెప్పించి, ఆ డబ్బాల లెక్క విడదీసి మళ్లీ రాయండి. ప్యాకింగ్ సరిగా లేదని కంపెనీ అనొచ్చు, లోడింగ్ ఫొటోలు సిద్ధంగా పెట్టుకోండి.

వినకపోతే చిత్తూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. తిరస్కరించిన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. వ్యాపారికి అక్కడ చోటు లేదని కంపెనీ లాయర్ వాదిస్తే, 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో నష్టం పూడ్చుకోవడానికి తీసుకున్న బీమా లాభం కోసం చేసిన వ్యాపారం కాదని సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించవచ్చు.

సీఐఎఫ్ అమ్మకమైతే (ధరలోనే బీమా, ఫ్రైట్ కలిపి అమ్మితే) పాలసీ సరుకు కొన్నవాళ్ల పేరిట ఎండార్స్ అయి, అంటే బదిలీ అయి ఉండొచ్చు. అప్పుడు హక్కు తిరిగి మీకు రాయించుకున్నాకే కేసు వేయండి. ఓడ కంపెనీ మీద దావాకు మాత్రం సరుకు అందిన నాటి నుంచి సాధారణంగా ఏడాదే గడువు. అందుకే డెలివరీ తేదీ, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) ఈరోజే తీసి చూడండి.