టెక్ సందేహాలు: 20 క్వింటాళ్ల వడ్లకు నాలుగున్నర కోట్లా?

ప్రశ్న: మా చిన్నాయనది మిర్యాలగూడ దగ్గర వడ్ల వ్యాపారం. ఆయన కోసం జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే పనిముట్టు) లెక్కల అప్లికేషన్ రాశాను. క్వింటాళ్లు కొట్టగానే పైకం ఎంతో అక్కడే కనబడాలని బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్ పెట్టాను. టెంప్లేట్‌లో (జాంగో నింపి పంపే పేజీ నమూనా) ఉన్నంతసేపు నడిచింది, వేరే ఫైలులోకి మార్చగానే ధర రావడం మానేసింది. ఎవరో చెప్పారని ధరల్ని, కిరాయిని జేసన్‌గా (డేటాను అక్షరాల్లో రాసి పంపే పద్ధతి) పంపితే, 20 క్వింటాళ్లకు 2,300 చొప్పున ట్రాక్టర్ కిరాయి 600 కలిపి 46,600 రావాల్సిన చోట 46000600.00 చూపిస్తోంది. సేవ్ నొక్కితే 403 (అనుమతి లేదనే ఎర్రర్). రెండు రోజుల నుంచి పరేషాన్‌లో ఉన్నా.
- డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: చిన్నాయనకు ఆ స్క్రీన్ చూపించలేదు కదా! సరే, ముందు మొదటి సంగతి. కాంటా మీద లారీని తూచి చిట్టీ రాసి ఇచ్చాక, లారీ గేటు దాటితే ఇక కాంటా మనిషికి ఆ చిట్టీతో పని లేదు, మిల్లులో గుమాస్తా దాన్ని చదువుకోవాల్సిందే. జాంగో టెంప్లేట్ ఆ కాంటా మనిషి, జావాస్క్రిప్ట్ ఆ గుమాస్తా. రెండు ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య మీరు రాసిన ధరను జాంగో సర్వర్లోనే నింపేసి పేజీని పంపేస్తుంది. స్క్రిప్టును స్టాటిక్ ఫైలులోకి మార్చారంటే దాన్ని జాంగో టెంప్లేట్‌గా చదవదు, ఉన్నది ఉన్నట్టు పంపుతుంది, ఆ బ్రాకెట్లు బ్రౌజర్‌కు అలాగే చేరతాయి. స్టాటిక్ ఫైలులో, పేజీ చిరునామా నింపే యూఆర్ఎల్ ట్యాగ్ పనిచేయకపోవడానికీ కారణం ఇదే.

అందుకని ధరల్ని పేజీలోనే ఒక మూల పెట్టి పంపాలి. జాంగో 2.1 నుంచి, అంటే 2018 నుంచి, దీనికోసమే జేసన్ స్క్రిప్ట్ అనే ఫిల్టర్ ఉంది. మీరు ఇచ్చిన ఐడీతో ఒక స్క్రిప్ట్ ట్యాగ్ తయారుచేసి అందులో డేటా పెడుతుంది, మీ ఫైలు ఆ ఐడీని వెతికి చదువుకుంటే చాలు. కొందరు దీనికి బదులు, ప్రమాదకరమైన గుర్తులను మార్చకుండా వదిలేసే సేఫ్ ఫిల్టర్ తగిలించి డేటాను నేరుగా స్క్రిప్టులో గుమ్మరిస్తారు, అది వద్దు. రైతు పేరు రాసే డబ్బాలో ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ టైప్ చేస్తే అది మీ పేజీలో నిజంగానే నడుస్తుంది.

ఇక ఆ కోట్ల లెక్క. మీ మోడల్లో (డేటాబేస్ పట్టికను వర్ణించే కోడ్) ధర, కిరాయి రెండూ పైసలతో సహా దాచే డెసిమల్ ఫీల్డ్‌లు అయి ఉంటాయి. జాంగో వాటిని జేసన్‌లోకి మార్చేటప్పుడు అంకెగా కాకుండా కోట్స్ మధ్య అక్షరాలుగా పంపుతుంది, ఎందుకంటే జావాస్క్రిప్ట్ అంకెలతో పైసలు తేడా వస్తాయి (0.1కి 0.2 కలపమంటే 0.30000000000000004 అంటుంది, కావాలంటే కన్సోల్‌లో కొట్టి చూడండి). గుణకారం దగ్గర జావాస్క్రిప్ట్ తనంతట తానే అక్షరాలను అంకెలు చేసుకుంటుంది కాబట్టి 46000 సరిగ్గానే వచ్చింది, కానీ ప్లస్ గుర్తు కనబడితే మాత్రం ఒక వైపు అక్షరాలున్నా చాలు, రెండింటినీ పక్కపక్కన అతికించేస్తుంది. 46000 పక్కన 600.00 వచ్చి కూర్చుంది, అంతే. కలిపే ముందు కిరాయిని నంబర్ ఫంక్షన్‌తో అంకెగా మార్చండి. అయినా ఆ మొత్తం కంటికి కనబడటానికే, దాన్ని డేటాబేస్‌లో దాచకండి. బ్రౌజర్ నుంచి క్వింటాళ్లు మాత్రం తీసుకుని, ధర డేటాబేస్ నుంచే తెచ్చి, సర్వర్లో మళ్లీ లెక్క కట్టండి. బ్రౌజర్లో ఉన్న ఏ అంకెనైనా ఎఫ్12 నొక్కి ఎవరైనా మార్చగలరు, రైతుల పైకం విషయంలో అంత నమ్మకం పనికిరాదు.

403 అంటే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఎంట్రీ మీ పేజీ నుంచే వచ్చిందని చాటే రహస్య గుర్తు) వెళ్లడం లేదన్నమాట. మామూలు ఫారంలో అయితే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ ట్యాగ్ పెడితే దాగి ఉన్న డబ్బాలో టోకెన్ వెళ్తుంది, జావాస్క్రిప్ట్‌లోని ఫెచ్‌తో పంపేటప్పుడు మాత్రం ఆ డబ్బాలోని విలువ తీసి ఎక్స్-సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ అనే హెడర్లో మీరే పెట్టాలి. ఇంటర్నెట్‌లో వెతికితే, ఈ తనిఖీయే వద్దని చెప్పే ఎగ్జెంప్ట్ అనే డెకరేటర్ పెట్టేయమంటారు. నేనూ ఒకప్పుడు రాత్రి రెండు గంటలకు విసుగొచ్చి పెట్టినవాడినే, తీసేయడం మర్చిపోయి ఆర్నెల్లు అలాగే ఉంచాను. లాగిన్ అయి ఉన్న చిన్నాయన ఇంకేదో సైట్ తెరిస్తే, ఆ సైట్ ఆయన పేరుమీద మీ సర్వర్‌కు ఎంట్రీ పంపకుండా ఆపేది ఆ టోకెనే.

ప్రశ్న: లాప్‌టాప్‌లో అన్నీ బాగున్నాయి, సర్వర్లో డీబగ్ (తప్పుల వివరాలు చూపే సెట్టింగ్) ఆఫ్ చేస్తే స్క్రిప్టులన్నీ 404 (ఫైలు దొరకలేదనే ఎర్రర్). ఎలాగో సరిచేశాను, కానీ స్క్రిప్ట్ మార్చినా షాపు వాళ్ల ఫోన్లలో పాతదే నడుస్తోంది.
- వనపర్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: డీబగ్ ఆఫ్ అయితే జాంగోతో వచ్చే రన్‌సర్వర్ స్టాటిక్ ఫైళ్లను ఇవ్వదు. స్టాటిక్ ఫైళ్లన్నీ ఒకచోట చేర్చే కలెక్ట్‌స్టాటిక్ నడిపి, వాటిని బ్రౌజర్లకు అందించే ఎన్జింక్స్‌కో వైట్‌నాయిస్‌కో అప్పగించాలి, మీరు చేసింది అదే అయ్యుంటుంది. రెండోది కాష్ పని, అంటే బ్రౌజర్ పాత కాపీని దాచుకుని అదే వాడుతోంది. మీ లాప్‌టాప్‌లో కొత్తది తెప్పించడానికి కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కుతారు, షాపు వాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పలేరు కదా. సెట్టింగ్స్‌లో మానిఫెస్ట్ స్టాటిక్ ఫైల్స్ స్టోరేజ్ పెట్టండి. ఫైలులో ఒక్క అక్షరం మారినా పేరు చివర కొత్త గుర్తు చేరుతుంది, బ్రౌజర్ దాన్ని కొత్త ఫైలనుకుని తెచ్చుకుంటుంది. టెంప్లేట్లలో దారి మాత్రం స్టాటిక్ ట్యాగ్‌తోనే రాయాలి, చేత్తో రాసిన దారులు పాత ఫైలు దగ్గరే ఆగిపోతాయి.