సెకన్లు నడుస్తున్నాయంటే లేజర్ బతికే ఉంది

ప్రశ్న: నేను పెరంబూరులో ఉంటున్న విశ్రాంత రైల్వే ఉద్యోగిని. 1991లో బర్మా బజారులో కొన్న జపాన్ సీడీ ప్లేయర్ ఇంకా నా దగ్గర ఉంది. నెల రోజులుగా దానిలోంచి శబ్దం రావడం లేదు. డిస్కు తిరుగుతోంది, పాట సంఖ్య, సెకన్లు కనిపిస్తున్నాయి. రెండు స్పీకర్లూ మాత్రం మూగబోయాయి. ఇంతకుముందు స్విచ్చి వేసిన కాసేపటికి లోపల ‘టక్’మనేది, ఇప్పుడు అదీ వినిపించడం లేదు. ఇద్దరు మెకానిక్కులు ‘లేజర్ పోయింది, దొరకదు, పారేయండి’ అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: నిజం కాదండీ. దయచేసి పారేయకండి. లేజర్ దగ్గర దానికి వెళ్లే కరెంటును సరిచేసే చిన్న మర ఉంటుంది, దాన్ని ప్రీసెట్ అంటారు. దాన్ని ఎవరినీ తిప్పనివ్వకండి. ఈ మాట ముందుగా చెప్పడానికి కారణం ఉంది.

తెర మీద కనిపించే సెకన్లు ప్లేయర్ సొంతంగా లెక్కపెట్టేవి కావు. పాటతో పాటు కాలం కూడా డిస్కు మీదే రాసి ఉంటుంది. లేజర్ దాన్ని చదివితేనే అంకె మారుతుంది. సెకన్లు తడబడకుండా నడుస్తున్నాయంటే లేజర్, లెన్సు, మోటారు మూడూ పని చేస్తున్నట్టే. లేజర్ నీరసిస్తే పాట ఎగురుతుంది, డిస్కు చదవకుండా ఆగిపోతుంది. సెకన్లు సాఫీగా నడుస్తూ రెండు పక్కలా ఒకేసారి నిశ్శబ్దం రావడం దాని లక్షణం కాదు.

గత ఏడాది మైలాపూరు నుంచి ఇలాంటిదే ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. అంతకుముందు చూసినవారు శబ్దం కోసం ప్రీసెట్‌ను చివరిదాకా తిప్పేశారు. కరెంటు ఎక్కువై, నిక్షేపంలాంటి లేజర్ మాడిపోయింది. తీరా చూస్తే అసలు జబ్బు రిలేలో, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చిలో ఉంది. ఆ యజమానికి విషయం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇక మీ ప్లేయర్ సంగతి. మూత విప్పే ముందు ఆంప్లిఫయర్‌ను అనుమానించండి. పాత ఆంప్లిఫయర్లలో ‘టేప్ మానిటర్’ అనే మీట ఉంటుంది. దుమ్ము తుడిచేటప్పుడు అది నొక్కుకుపోతే మిగతా అన్నీ మూగబోతాయి. ప్లేయర్ వైర్లనే రేడియోకో, ఫోనుకో తగిలించి, అదే సాకెట్లలో శబ్దం వస్తుందేమో చూడండి. డిస్కు కూడా మార్చి చూడండి. ఎంపీ3 పాటలు నింపిన డిస్కు వేస్తే ఆ కాలపు ప్లేయర్లు చాలావరకు సెకన్లు చూపిస్తూ మౌనంగా తిరుగుతాయి. దుకాణంలో కొన్న అసలు ఆడియో సీడీతోనే పరీక్షించండి. ముందు పలకలో హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే ఎవరినైనా అడిగి ఒక హెడ్‌ఫోన్ పెట్టి వినండి. అక్కడ పాట వినిపిస్తే తప్పు ప్లేయర్ వెనక వైర్లు తగిలించే పిన్నులకు వెళ్లే దారిలో ఉన్నట్టు.

మీ ఉత్తరంలో నన్ను ఆకట్టుకున్నది ఆ ‘టక్’. అది మ్యూటింగ్ రిలే చప్పుడు. స్విచ్చి వేయగానే స్పీకర్లు దభీమనకుండా అది కాసేపు శబ్దాన్ని ఆపి, తరువాత దారి వదులుతుంది. ఇప్పుడు టక్కుమనడం లేదంటే రిలే దారి వదలడం లేదు. కుడి ఎడమలు ఒకేసారి పోయాయి కాబట్టి రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్నే పట్టుకోవాలి. నా అంచనా విద్యుత్ సరఫరా మీద.

మూత విప్పి కొలిచే పని మాత్రం మీరు చేయవద్దు. లోపల 230 వోల్టులు ఉంటాయి, లేజర్ కిరణం 780 నానోమీటర్లది, కంటికి దాదాపు కనిపించదు. చేయి తిరిగిన మెకానిక్కు చేత వెనక పిన్నుల దగ్గర ఉన్న ఎనిమిది కాళ్ల ఐసీని (చిన్న నల్లటి చిప్‌ను) కొలిపించండి. సాధారణంగా 8వ కాలి మీద ధన వోల్టేజీ, 4వ కాలి మీద దాదాపు అంతే ఋణ వోల్టేజీ ఉండాలి. ఒకటి లేకపోతే విద్యుత్ సరఫరా వైపు వెనక్కి వెళ్లాలి. అక్కడ ఫ్యూజులా పనిచేసే చిన్న రెసిస్టర్లు ఉంటాయి. పైకి కొత్తవాటిలా మెరుస్తూనే లోపల తెగిపోయి ఉంటాయి. వాటి స్థానంలో మామూలు తీగ ముక్క వేయనివ్వకండి. అదే రకం, అదే విలువ ఉన్నది వేయించండి. పొట్ట ఉబ్బిన కండెన్సర్లు, పిన్నుల దగ్గర పగిలిన టంకం కూడా అప్పుడే చూస్తారు.

వోల్టేజీలు సరిగ్గా ఉండి, రిలే మళ్లీ టక్కుమని కూడా శబ్దం రాకపోతే దాని కాంటాక్టులు, అంటే లోపల ఒకదాన్నొకటి తాకే లోహపు ముక్కలు నల్లబడ్డాయన్నమాట. మన ఊరి ఉప్పుగాలికి ఇది మామూలే. మూత తీయగలిగిన రిలే అయితే తెల్ల కాగితాన్ని సన్నగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి మెల్లగా లాగాలి. కాగితం మీద కాటుక గీసినట్టు గీత పడుతుంది. గీత పడడం ఆగేదాకా కొత్త కాగితంతో లాగుతూ ఉండాలి. గరుకు కాగితం మాత్రం వద్దు, పైపూత లేచిపోతుంది. మూత రాని రిలే అయితే మార్చడమే. పాతదాన్ని చేతిలో పట్టుకుని ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే రిచీ స్ట్రీట్‌కు వెళ్లండి. కాయిల్ (రిలేలోని తీగచుట్ట) వోల్టేజీ, కాళ్ల అమరిక రెండూ సరిపోయినదే తీసుకోండి.

కొన్ని మోడళ్లలో శబ్దాన్ని ఆపే పని ట్రాన్సిస్టర్లు చేస్తాయి. మీది టక్కుమనేదే కాబట్టి ఆ చిక్కు మీకు ఉండకపోవచ్చు. ఐసీ 8, 4 కాళ్ల మీద వచ్చిన కొలతలు, వెనక రాసి ఉన్న మోడల్ సంఖ్య పంపండి, తరువాత ఎక్కడ వెతకాలో వచ్చే సంచికలో చెబుతాను.