రెండో తరగతికి నల్లజాతి చరిత్ర చెప్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మేనత్త దీవెనలు.

అట్లాంటాలో నీకు రెండో తరగతి అప్పగించారని, నల్లజాతి చరిత్ర నెలగా జరుపుకొనే ఫిబ్రవరి దగ్గర పడుతున్నదని, ఆ చరిత్రను ఏడేళ్ల పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టి ఎంతవరకు చెప్పాలో తోచడం లేదని రాశావు. ఈ అమెరికా బడుల్లో ఇరవై ఆరేళ్లు ఆ వయసు పిల్లలకే చదువు చెప్పాను కనుక నాకు తెలిసినది రాస్తున్నాను. అందులో సగం తప్పు చేసి తెలుసుకున్నదే.

ముందు ఆ తప్పు సంగతే చెబుతాను. నల్లవారిని వెనక వరుసల్లో కూర్చోబెట్టిన అలబామా రాష్ట్రపు మాంట్‌గోమరీ బస్సుల పాఠాన్ని కళ్లకు కట్టించాలన్న ఉత్సాహంతో మొదటి ఏడాది కుర్చీలను బస్సులా వరుసలుగా వేసి, చీటీలు పంచి, కొందరు పిల్లలను వెనక్కి పంపాను. వెనక వరుస చీటీ వచ్చినవారిలో ఆ తరగతిలోని ఒకే ఒక్క నల్లజాతి పాప కూడా ఉంది. మిగతావాళ్లకు అది ఆట అయింది. ఆ పాప మాత్రం సంచి ఒళ్లో పెట్టుకుని గంట కొట్టేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మరునాడు వాళ్లమ్మ వచ్చి, తన తల్లి ఏ చోట కూర్చోవలసి వచ్చిందో అదే చోట తన కూతురిని నేను మళ్లీ కూర్చోబెట్టానని నెమ్మదిగానే చెప్పి వెళ్లింది. అవమానాన్ని పిల్లల చేత నటింపజేయకు. బానిసల వేలం, ఓడ ప్రయాణం వంటివి అసలే వద్దు.

బస్సును బోర్డు మీద గీసి చూపించు, చాలు. ముందు వరుసలు తెల్లవారికి, వెనకవి నల్లవారికి. మధ్య వరుసల్లో నల్లవారు కూర్చోవచ్చు కానీ, తెల్లవారికి చోటు లేకపోతే లేవాలి. 1955 డిసెంబరు 1న తెల్లవారి కోసం లేవనని అరెస్టయిన రోజా పార్క్స్ అనే నల్లజాతి స్త్రీ కూర్చున్నది ఆ మధ్య వరుసలోనే. పాపం, రోజంతా కుట్టుపని చేసి కాళ్లు లాగడం వల్ల లేవలేకపోయిందని చాలామంది చెబుతారు. నువ్వు అలా చెప్పకు. అప్పటికి ఆమె పన్నెండేళ్లుగా హక్కుల సంఘంలో పనిచేస్తున్న మనిషి, ఏం చేస్తున్నదో తెలిసే చేసింది. అంతకు తొమ్మిది నెలల ముందు అదే ఊళ్లో పదిహేనేళ్ల క్లాడెట్ కోల్విన్ కూడా సీటు ఇవ్వనని అరెస్టయింది. రోజా పార్క్స్‌ను పట్టుకున్న రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కళాశాల అధ్యాపకురాలు కొందరి సాయంతో తెల్లవార్లూ కూర్చుని, బస్సులెక్కవద్దని చెప్పే వేల కరపత్రాలను సైక్లోస్టైల్ చేసింది.

నా దృష్టిలో అసలు పాఠం ఆ తరువాతిదే. 381 రోజులు నల్లజాతివారు బస్సెక్కలేదు. నడిచారు, ఒకరి కారులో ఒకరు సర్దుకున్నారు. వంటపని చేసుకునే జార్జియా గిల్మోర్ మరికొందరు స్త్రీలను కూడగట్టి, కోడి వేపుళ్లు, కేకులు చేసి అమ్మించి, ఆ డబ్బును ఉద్యమానికి ఇచ్చింది. ఇచ్చిందెవరో తెలిస్తే పనిలోంచి తీసేస్తారు గనుక, డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే ఎక్కడినుంచీ కాదని చెప్పుకొనేలా తమ బృందానికి ‘క్లబ్ ఫ్రమ్ నోవేర్’ అని పేరు పెట్టుకున్నారు. అన్యాయం ఏమిటో ఏడేళ్ల పిల్లలకు మనం నేర్పనక్కరలేదు, వాళ్లకు తెలుసు. దాన్ని ఎదిరించడానికి ఎంతమంది ఎంత చాకిరీ చేయాలో వాళ్లకు తెలియదు. అందుకని గళ్ల కాగితం ఇచ్చి, రోజుకో గడి చొప్పున 381 గళ్లకు రంగు వేయించు. నూట యాభై దాటేసరికి విసుగు పుట్టి, ఇంకా ఎన్ని టీచర్ అని అడుగుతారు. అడగనివ్వు, తొందరపెట్టకు.

రూబీ బ్రిడ్జెస్ కథ వాళ్ల ఈడుదే కాబట్టి ఇట్టే పట్టుకుంటారు. 1960 నవంబరులో న్యూ ఆర్లియన్స్‌లో ఆ ఆరేళ్ల నల్లజాతి పిల్ల ఫెడరల్ మార్షళ్ల, అంటే కేంద్ర ప్రభుత్వ పోలీసుల నడుమ, అప్పటిదాకా తెల్లపిల్లలదే అయిన బడికి వెళ్తూ, కేకలు వేస్తున్న గుంపును చూసి మార్డీ గ్రా జాతర అనుకుందట. మిగతా పిల్లల్లో దాదాపు అందరినీ తల్లిదండ్రులు మాన్పించేశారు. బార్బరా హెన్రీ అనే టీచరు ఏడాదంతా ఆ ఒక్క పిల్లకే పాఠం చెప్పింది. రూబీ తండ్రి ఉద్యోగం పోయిన సంగతి కూడా చెప్పు.

ఇవన్నీ బానిసత్వంతో మొదలుపెట్టకు. దానికి ముందు ఆఫ్రికాలో మాలి రాజ్యం ఉందని, 1324లో దాని రాజు మాన్సా మూసా మక్కా యాత్రకు బంగారంతో బయలుదేరాడని చెప్పిన తరువాతే ఆఫ్రికావారిని ఓడలో పట్టి తెచ్చిన 1619కి, వర్జీనియా తీరానికి రా. బానిసలను తెచ్చారు అనకు, మనుషులను పట్టి తెచ్చి బానిసలను చేశారు అను. తల్లీపిల్లలను విడదీసి అమ్మారన్నది దాచవద్దు. కొరడా దెబ్బల వర్ణన ఈ వయసుకు అవసరం లేదు. బానిసగా పుట్టి, తరువాత బానిసత్వాన్ని ఎదిరించిన ఫ్రెడరిక్ డగ్లస్ చిన్నప్పుడు బాల్టిమోర్ వీధుల్లో తన రొట్టె ముక్కలను తెల్లపిల్లలకిచ్చి బదులుగా అక్షరాలు నేర్చుకున్నాడని చెబితే, ఆ పూట తమ డబ్బాలోని రొట్టె వంక వాళ్లు చూసే చూపే వేరు.

కార్టర్ వుడ్సన్ అనే నల్లజాతి చరిత్రకారుడు 1926లో ఈ చరిత్రకు వారంగా మొదలుపెట్టినదే 1976 నుంచి నెల అయింది. మార్చి ఒకటిన గోడమీది బొమ్మలన్నీ పీకేసే అలవాటు నాకు నచ్చదు.

మనవాళ్లలో కొందరు, ఇవన్నీ మన పిల్లలకెందుకమ్మా అంటారు. 1965కు ముందు భారతదేశం నుంచి ఏడాదికి వందమందికే ఇక్కడ స్థిరపడే అనుమతి ఉండేదని, ఆ కోటా పద్ధతిని తీసేసిన చట్టం పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే వచ్చిందని వాళ్లకు చెప్పు. ఇంకొకటి. మీ ఊళ్లో ఇలా ఉండేదా అని ఒక పిల్లవాడు నన్ను అడిగాడు. మా ఊరి టీకొట్టులో దళితులకు వేరే గ్లాసులుండేవని, కడిగి పెట్టుకోవలసింది కూడా వాళ్లేనని, నేను చూస్తూ ఊరుకున్నానని చెప్పాను. నిన్నూ ఎవరో ఒకరు అడుగుతారు. తప్పించుకోకు.

బస్సు పాఠానికి వారం ముందే ప్రతి ఇంటికీ ఏం చెప్పబోతున్నావో చీటీ పంపు. గళ్ల కాగితం ఒకటి ఇందులో పెట్టాను. వరుసకు పంతొమ్మిది చొప్పున ఇరవై వరుసలు వేసి, మిగిలిన ఒక్క గడిని కింద విడిగా గీశాను. దానికి రంగు వేయడానికి ఏటా తగాదా పడతారు. ఎవరిదో ముందే అనుకో.

నీ మేనత్త